ముందు పీకండి, తర్వాత నాటుదురు గాని

కడియం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గోదావరి మీది హేవలాక్ వంతెన మళ్లీ తెరుచుకోబోతోంది. ఈసారి రైళ్లకు కాదు, మనుషులకు. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన 94.44 కోట్ల రూపాయల అఖండ గోదావరి పథకంలో ఆ పాత వంతెన, పుష్కర ఘాట్‌తో పాటు మన కడియం నర్సరీలూ ఉన్నాయి. ఈ మాట వినగానే మనవాళ్లకు ముందు తట్టేది మొక్కల ఆర్డరే. తప్పులేదు, అది మన అన్నం. కానీ అక్కడితో ఆగిపోతే మీరు వంతెనకు సరుకు తోలినవాళ్లవుతారే తప్ప దాన్ని నిలబెట్టినవాళ్లు కారు.

1897లో ఆ వంతెన పని మొదలై 1900లో దాని మీద రైలు నడిచింది. 56 కానాలు, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన వాల్టన్ దొరే దీనికీ ఇంజనీరు. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చేదాకా మద్రాసు రైలెక్కిన మీ తాతలు దీనిమీదుగానే గోదావరి దాటారు, నదిలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకున్నారు. 1997లో రైళ్లు ఆగిపోయాయి.

ఇలాగే న్యూయార్కులో హై లైన్ అనే ఎత్తు రైలుదారి మీద 1980లో గూడ్సు బళ్లు ఆగాయి. పడగొడతామంటే 1999లో ఆ పేటవాళ్లు సంఘం పెట్టి అడ్డుపడ్డారు. 2009లో అది తోటగా తెరుచుకుంది. అది చూసి మనమూ కుండీలు ఎక్కించేద్దామంటే కుదరదు. అక్కడ ముందు కట్టడాన్ని బాగుచేసి, నీళ్లు ఇంకకుండా కట్టడి చేసి, పోయే దారి చూపించాకే మట్టి వేశారు.

మొక్క ఏం చేయగలదో మీకంటే తెలిసినవాళ్లెవరు? కాకి రెట్టలోని రావి గింజ రాతి సందులో మొలిస్తే, దాని వేరు లావెక్కి రాయినే పక్కకు నెడుతుంది. పైపైన కోస్తే రెట్టింపు చిగురిస్తుంది. వేరుతో సహా, రాయి కదలకుండా తీయాలి. రోజూ నీళ్లు పోసే కుండీ అడుగున కారే చుక్క గడ్డర్ మీద పడితే తుప్పు. తడిసిన మట్టి బరువెంతో, లారీలకు లోడెత్తే మీ భుజాలనడిగితే చెబుతాయి.

ఈ తెలివిని ఇంట్లో దాచుకోకండి. వెళ్లి అధికారులను అడగండి. ఏ కానా ఎంత బరువు మోస్తుంది? రంగు వేసేముందు తుప్పు గీకుతున్నారా? స్తంభాల సందుల్లో మొలకలు తీసే పని ఎవరిది? పుష్కరాలు 2027లోనే. హడావుడి పనిలో రంగు తుప్పును దాచేస్తుంది, అందుకే మొహమాటపడకండి. సివిల్ చదివే చెల్లెలు ఒకరు, హార్టికల్చర్ చదివే తమ్ముడు ఒకరు, అంటు కట్టడంలో చెయ్యి తిరిగిన మేస్త్రి ఒకరు కలిసి వెళితే ఏ ఆఫీసరైనా కుర్చీ వేస్తాడు.

ఆ వంతెన మీద పనిచేసిన పాత రైల్వే ఉద్యోగుల మాటలు ఇప్పుడే ఫోన్లో రికార్డు చేసుకోండి. తెరిచాక శని, ఆదివారాలు గైడ్లుగా నిలబడండి. అంతకంటే ముందు, వంతెన మీద ఏ మొక్క ఎక్కడ పెట్టకూడదో ఒక జాబితా రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి. ఆర్డరు బుక్కు ఆ తర్వాత తెరుద్దాం.