పరికరముల ఆయువు – పాత్రల చిరంజీవిత్వము

వాడుకలోని పరికరములు నశించును, కవి సృష్టించిన పాత్రలు నిలుచును అనుమాట సాహిత్యసభలలో తరచుగా వినవచ్చుచుండును. ఇందు సగమే సత్యమని నా అభిప్రాయము.

పరికరమునకు ప్రయోజనమే ప్రాణము. ఆ ప్రయోజనమును మరింత సులువుగా నెరవేర్చునది వచ్చినచో పాతది తొలగిపోవును. శతాబ్దుల తరబడి తాటియాకుపై వ్రాసిన గంటము, కాగితమును అచ్చుయంత్రమును వ్యాపించిన పిదప మూలబడినది. 1897లో 'కన్యాశుల్కము' తొలిసారి అచ్చయిన నాటికి దేశమున తంతివార్తలు నడచుచుండెను. 2013లో ఆ సేవ నిలిచిపోయినది. గిరీశము మాత్రము నేటికిని మన నడుమ తిరుగుచునే యున్నాడు. ఆ నాటకమును చదువనివారు సైతము మాటకారియైన మోసగానిని 'గిరీశము' అందురు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణమే ఇందులకు కారణము. పాత్ర తన దేశకాలముల కట్టును విడిపించుకొని సహృదయుని అనుభవమున చేరును. పరికరమునకు ఆ శక్తి లేదు.

ఇక రెండవ సగము. 'మాళవికాగ్నిమిత్రము' ప్రస్తావనలో కాళిదాసు భాస, సౌమిల్ల, కవిపుత్రులను ప్రసిద్ధులుగా పేర్కొనెను. సౌమిల్లుని నాటకమొక్కటియు నేడు మనకు దక్కలేదు. అతని పాత్రలలో రసము కొరవడుటచేత నశించినవని చెప్పగలమా? కేరళమున చాక్యారుల రంగస్థలమును మినహాయించినచో భాసుడును చిరకాలము పేరుగానే మిగిలెను. టి. గణపతిశాస్త్రిగారు మలయాళలిపి తాళపత్రములను పరిష్కరించి, 1912 మొదలుకొని తిరువనంతపురమున పదమూడు రూపకములను భాసకృతములుగా ప్రకటించిరి. కర్తృత్వవివాదము అటుంచుడు, ఆ ఆకులు చెదలపాలైయుండినచో స్వప్నవాసవదత్తమును మనము పాఠము చెప్పియుండెడివారము కాము. పాత్రకు ఆత్మ రసమే యైనను, దేహము తాళపత్రము.

నేడు తాళపత్రములకు ఛాయాచిత్రములు తీసి కంప్యూటరులలో భద్రపరచుచున్నారు. మంచిదే. కాని కంప్యూటరును ఒక పరికరమే. గంటమునకు పట్టిన గతి దానికిని పట్టక మానదు. అదిగాక, లిపిని చదువగల వాడు లేనిచో ఛాయాచిత్రము మూగది. అచ్చుపుస్తకమును మాత్రమే ఎరిగి పట్టము పొందు విద్యార్థికి గ్రంథలిపి పత్రమొకటి చేతికిచ్చిన ఏమి చేయగలడు? కావున ప్రాచ్య కళాశాలలలో ప్రతి విద్యార్థియు ఒక్క చిన్న కృతినైనను తాళపత్రమునుండి స్వయముగా చదివి, ప్రతి వ్రాసి, పాఠభేదములు గుర్తించిన పిదపనే పట్టము నీయవలెను. పాత్రలు తమంతట తాము చిరంజీవులు కావు. ఒక పరికరము శిథిలమగుటకు ముందే వానిని మరియొకదానికి చేర్చువారున్నంతకాలమే అవి జీవించును. ఆ పని మనది.