లిపికి చోటు దొరికింది, ఫోన్‌లో మాత్రం డబ్బాలే!



ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన మన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. సంబరపడ్డం. కానీ ఆ లిపిలో ఒక్క ముక్క పంపితే మా పాత ఫోన్లల్ల ఖాళీ డబ్బాలే కనిపిస్తున్నయ్. అందుకే ఇంటికి పంపే మెసేజ్ కూడా తెలుగు లిపిలోనే కొడుతున్నం.

2011 జనగణన లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. తక్కువేం కాదు కదా! ఇప్పుడు ఏఐకి కూడా గోండి నేర్పుతున్నరట. మంచిదే. కానీ మనమే రాయని భాషను అది ఎక్కడ చూసి నేర్చుకుంటది? తప్పులు నేర్చుకుంటే దిద్దేదెవరు?

గోండి ఫాంట్ ఉచితంగానే దొరుకుతది. హాస్టల్‌లో ఒక్కరు వేసుకుని మిగతావాళ్లకు నేర్పినా చాలు. సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వను అడిగి, ఆమె ఒప్పుకుంటేనే, ఆమె మాటలు రికార్డు చేద్దాం. మన లిపిలో రాసి పెడదాం. కంపెనీలు వచ్చేదాకా ఆగితే అప్పటికి అవ్వ ఉండదు.