ఊపిరితో పలికే విద్యుత్ వాయిద్యం

పిల్లలూ! మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి గుడి దగ్గర జరిగే శివరాత్రి జాతర మీకు తెలుసు గదా! గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ మోగే సన్నాయి, అంటే నాదస్వరం, ఎలా పలుకుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? దానికి నోటి దగ్గర చిన్న పీక ఉంటుంది. ఊదినప్పుడు పీక అదురుతుంది. దానితోపాటు గొట్టంలోని గాలి కూడా అదిరి నాదం పుడుతుంది. వేళ్లతో రంధ్రాలు మూసినా తెరిచినా అదిరే గాలి పొడవు మారి, స్వరం మారుతుంది.

పీకతో పనిలేని ఊదుడు వాయిద్యం కూడా ఒకటుంది. దానిని ఎలక్ట్రానిక్ వాయిద్యం అంటారు. అమెరికాకు చెందిన నైల్ స్టైనర్ రూపొందించిన ఇటువంటి వాయిద్యాన్ని జపానులోని అకాయి కంపెనీ 1987లో అమ్మకానికి తెచ్చింది. ఇందులో గాలి అదరదు. లోపల ఒక పలుచని పొర ఉంటుంది. ఊపిరి ఒత్తిడికి అది వంగుతుంది. ఎంత వంగిందో విద్యుత్తు ద్వారా యంత్రం గ్రహించి, గట్టిగా ఊదితే పెద్దగా, మెల్లగా ఊదితే సన్నగా పలికిస్తుంది. ఏ స్వరం పలకాలో వేళ్ల కింది మీటలు చెబుతాయి.

దీనిని వాయించే ముందు మూడు పనులు చేయాలి. మొదటిది: స్విచ్చి వేసేటప్పుడు ఊదకూడదు. చాలా వాయిద్యాలు ఆ క్షణంలోనే “ఊపిరి లేనప్పుడు ఒత్తిడి ఇంత” అని గుర్తుపెట్టుకుంటాయి. రెండవది: మీ ఊపిరి బలానికి తగినట్టు సర్దుకోవాలి. బుగ్గలు నొప్పి పుట్టేటట్టు ఊదితేగాని పలకకపోతే సర్దుబాటు కుదరలేదన్నమాట. మూడవది: గురువుగారి శ్రుతికి మీ షడ్జమాన్ని కలుపుకోవాలి.

ఇక సంరక్షణ. చల్లని చెంబు మీద నీటి బిందువులు ఎందుకు పడతాయి? గాలిలోని ఆవిరి చల్లబడి నీరవుతుంది. మన ఊపిరిలోని ఆవిరి కూడా గొట్టంలో అలాగే నీరవుతుంది. ఆ తడి లోపలి విద్యుత్ భాగాలకు శత్రువు. అందుచేత వాయించిన తరువాత వాయిద్యాన్ని నిలువుగా పట్టుకొని నీరు కిందికి కారనివ్వాలి, పొడిగుడ్డతో తుడవాలి. నోటిముక్క ఊడివచ్చేదైతే దానిని మాత్రమే గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరాక తొడగాలి. ఒకరి నోటిముక్క మరొకరు వాడకూడదు. ఎండలో ఉంచకూడదు. చాలా రోజులు వాడకపోతే, విడిగా వేసే బ్యాటరీలను తీసివేయాలి.

తల్లిదండ్రులకొక మాట. ఇది కొనిస్తే పిల్లవాడికి సన్నాయి వచ్చేస్తుందని అనుకోవద్దు. సన్నాయి రంధ్రాన్ని సగం మూసి, పెదవులతో పీకను అదిమి, స్వరం నుంచి స్వరానికి జారవచ్చు. గమకం అలా పుడుతుంది. ఎలక్ట్రానిక్ మీటలకు చాలావరకు తాకడం, తాకకపోవడం తప్ప మరొకటి తెలియదు. జారుడుకు వేరే ఏర్పాటు వాడుకోవాలి. కరవదిలో 1924లో పుట్టి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందిన షేక్ చినమౌలానాగారి నాదస్వరం రికార్డులు పిల్లలకు వినిపించండి. తేడా వారికే తెలుస్తుంది. మీ ఊళ్లో మేళం వాయించే పెద్దలుంటే వారి దగ్గర కూర్చోబెట్టండి.

పిల్లలూ, ఈ నెల మీకొక పని. కొబ్బరాకుతో బూర చుట్టి, పది లెక్కపెట్టేదాకా ఒకే తీరుగా ఊదండి. శబ్దం వణకకుండా నిలిచిందా? ఆ సాధన ఏ వాయిద్యానికైనా పనికివస్తుంది.