తెగ మరపించిన రంగు



తూర్పు ఆఫ్రికాలోని సోమాలియాలో 1991లో ప్రభుత్వము కూలి, అంతర్యుద్ధము ముదిరెను. ఇల్లు విడిచి పారిపోయిన లక్షలాది జనులలో వేలాదిమంది అమెరికా చేరి, మిన్నెసోటా రాష్ట్రములోని మిన్నియాపొలిస్ నగరమున స్థిరపడిరి.

స్వదేశములో వారిని రంగునుబట్టి ఎవరును వేరుచేయలేదు. అక్కడి ప్రశ్న, "నీది ఏ తెగ?" అనునదే. పూర్వము బానిసలుగా తేబడిన బంటు జనుల సంతతిని "బిరుసు జుట్టువారు" అని హీనపరచి, వారితో వియ్యమందకుండిరి.

అమెరికాలో ఈ తెగల లెక్క ఎవరికి కావలెను? అక్కడివారి కంటికి అందరును నల్లవారే. పైగా ముస్లిములు, పరదేశులు. 2017 ఆగస్టులో, ఆ నగరము ప్రక్కనున్న బ్లూమింగ్టన్‌లో, సోమాలీలు ప్రార్థించు మసీదుపై బాంబు వేయబడెను. ప్రాణనష్టము మాత్రము కలుగలేదు.

2020 మే 25న మిన్నియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసు మోకాలి క్రింద ప్రాణము విడిచెను. అతడు సోమాలీ కాడు, వారి మతస్థుడును కాడు. అయినను, అది మన గొడవ కాదనుకొనక, సోమాలీ యువతీయువకులు అనేకులు నల్లజాతి అమెరికనులతో కలిసి వీధులలో నడిచిరి.

దెబ్బ తిన్నవానికి పరుల దెబ్బ తెలియును. అయితే తమలోని బంటు సహోదరులకు కూడ అదే గౌరవము దొరికినప్పుడే ఆ నడక గమ్యము చేరునని మేము తలంచుచున్నాము.

మన గడపకు క్రొత్తవాడు వచ్చినప్పుడు మనము మొదట అడుగు ప్రశ్న ఏది? మంచినీళ్లు త్రాగుదురా అనియా, మీరేమిటివారు అనియా?