హస్తవాసా? యంత్రమా?

మన పెద్దవాళ్ళు వైద్యుడిలో చూసే గుణం ఒకటే, హస్తవాసి. "ఆయన చేయి మంచిదమ్మా" అన్నారంటే ఇక చదువూ, డిగ్రీలూ ఎవరూ అడిగేవారు కారు. ఇప్పుడు ఆ చేతికీ రోగికీ మధ్య యంత్రం వచ్చి కూర్చుంది. దానితో ఇళ్ళల్లో కొత్త తగువు మొదలయింది.

ఈమధ్య ఒక సోదరి రాసిన ఉత్తరం ఆ తగువు గురించే. ఆమె భర్తకు 38 ఏళ్ళకే రక్తపుపోటు. నాలుగు రకాల మాత్రలు వేసినా దిగటం లేదట. స్కానింగు చేసి, ఎడమ ఎడ్రినల్ గ్రంథిలో చిన్న కంతి వుంది, తీసెయ్యాలి అన్నారట. "లాపరోస్కోపీ అయితే చేతిలో వున్న డబ్బు సరిపోతుంది. రోబోతో అయితే నా గాజులు తాకట్టు పెట్టాలి. ప్రాణం కన్న బంగారం ఎక్కువా అంటున్నారు మా అత్తగారు. ఏం చెయ్యమంటారు?" అని ఆమె ప్రశ్న.

నేను మాత్రలు రాసే వైద్యుణ్ణే గాని కత్తి పట్టే వైద్యుణ్ణి కాను. కనుక ఏ పద్ధతి మీదా నాకు పక్షపాతం లేదు.

ముందు గ్రంథి సంగతి. మూత్రపిండాల నెత్తిన చెరొక టోపీ పెట్టినట్టు వుంటాయి ఈ గ్రంథులు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములు తూగుతుంది, అంతే. ఇంత చిన్నవే గాని, 1856లో బ్రౌన్ సెకార్ అనే శాస్త్రజ్ఞుడు జంతువులలో రెండిటినీ తీసేసి చూస్తే అవి బతకలేదు. ఒంట్లో ఉప్పూ నీరూ సమంగా వుంచేవి ఇవే. ఒక గ్రంథిలో కంతి లేచి ఆల్డోస్టిరోన్ అనే రసం అతిగా వూరితే, రక్తపుపోటు ఒక పట్టాన లొంగదు. ఈ జబ్బును 1955లో జెరోం కాన్ అనే అమెరికన్ వైద్యుడు వివరించాడు. చెడ్డ గ్రంథిని తీసేస్తే, బాగున్న రెండోది ఇద్దరి పనీ చూసుకుంటుంది.

చిక్కల్లా అది వున్న చోటుతోనే. కడుపులో బాగా లోతున, పెద్ద రక్తనాళాల పక్కన నక్కి వుంటుంది. వెనకటి రోజుల్లో దాన్ని అందుకోవటానికి పెద్ద కోత కోసేవారు. 1992లో మాంట్రియల్‌లో మిషెల్ గాన్యే బృందం లాపరోస్కోపీతో తీయవచ్చునని ప్రకటించింది. మూడో నాలుగో చిన్న రంధ్రాలు. ఒకదానిలోంచి కెమెరా, మిగిలినవాటిలోంచి సన్నటి పనిముట్లు. పెద్ద కోత పోయి రంధ్రాలు రావటమే రోగికి అసలు లాభం.

రోబో అనగానే మరమనిషి తనంతట తానే కోస్తాడని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. రంధ్రాలు అలాంటివే. సర్జను కాస్త ఎడంగా కూర్చుని వేళ్ళు కదిపితే, రోగి మీద వున్న యంత్రపు చేతులు కదులుతాయి. దా విన్చీ అనే యంత్రానికి అమెరికాలో 2000లో అనుమతి దొరికింది. లోపలిది లోతు తెలిసేలా పెద్దదిగా కనిపిస్తుంది. పనిముట్టు కొస మణికట్టులా తిరుగుతుంది. చేతి వణుకు లోపలికి చేరదు. ఇవి సుగుణాలు. ఖరీదు దండిగా వుండటం, అమర్చటానికి వేళ పట్టటం, తాకినది మెత్తనో గట్టో చాలా యంత్రాలలో చేతికి తెలియకపోవటం, ఇవి లోపాలు.

మరి ఫలితాలు? 2004లో ఇటలీలోని టురిన్ వైద్యులు 20 మంది రోగులను చెరిసగం చేసి పోల్చారు. రోబోకు వేళా ఖర్చూ ఎక్కువయినాయి. పదిమందిలో నలుగురికి మధ్యలో లాపరోస్కోపీకి మారవలసి వచ్చింది. అప్పటికి యంత్రమూ కొత్తదే, అలవాటూ కొత్తదే. తరవాత జరిగిన పోలికలలో వేళలో తేడా తగ్గింది. రోబోతో రక్తం కాస్త తక్కువ పోతుందనీ, ఆస్పత్రిలో వుండటం కాస్త తగ్గుతుందనీ తేలింది. మామూలు చిన్న కంతికి మాత్రం ఒకటి ప్రాణం నిలిపి, రెండోది ప్రాణం తీస్తుందనటానికి ఆధారం లేదు. వంశపారంపర్యంగా రెండు పక్కలా కంతులు లేచేవారికి కంతి మట్టుకు తీసి గ్రంథిలో కొంత మిగల్చవలసి వస్తుంది. అలాంటి సున్నితమైన పనికి రోబో అక్కరకు రావచ్చు. కాన్సరని గట్టి అనుమానం వుంటే పాత పద్ధతిలో పెద్ద కోతే మేలు కావచ్చు.

కనుక అమ్మా, గాజులు చేతికే వుండనివ్వండి. సర్జనుగారిని "ఏ యంత్రం?" అని అడగకండి, "ఏడాదికి ఈ ఆపరేషన్లు ఎన్ని చేస్తారు?" అని అడగండి. ఏడాదికి కనీసం ఆరయినా చేసేవారి దగ్గరకు వెళ్ళటం మేలని అమెరికా ఎండోక్రైన్ సర్జన్ల సంఘం 2022లో సూచించింది. హస్తవాసి అంటే అదృష్టం కాదు, అభ్యాసం.

అంతకన్న ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి వుంది. స్కానింగులో కనిపించిన కంతే రసాన్ని అతిగా వూరిస్తోందని రూఢి అయిందా? కంతి ఎడమవైపు కనిపించినా, రసం రెండు గ్రంథుల్లోనూ ఎక్కువగా వూరుతూ వుండవచ్చు. అప్పుడు ఒకటి తీసినా జబ్బు కుదరదు. రెండు గ్రంథుల సిరల్లోంచి రక్తం తీసి పోల్చే పరీక్ష ఒకటి వుంది. మీవారి వయస్సులో ఆ పరీక్ష సాధారణంగా అవసరమవుతుంది. డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు అది. ఎడ్రినలిన్ జాతి రసాలు వూరించే కంతి కాదని కూడా ముందే తేల్చుకోవాలి. అది అయితే, తగిన మందులతో కొన్నాళ్ళు సిద్ధం చెయ్యకుండా కత్తి పెట్టటం ప్రమాదం.

అన్నీ సవ్యంగా జరిగినా అందరికీ మాత్రలు పూర్తిగా ఆగిపోవు. కొందరికి ఆగుతాయి, చాలామందికి తగ్గుతాయి. అదీ చిన్న మేలు కాదు.

తక్కిన పాఠకులకూ ఒక మాట. మీ ఇంట్లో ఎవరికయినా చిన్న వయస్సులోనే రక్తపుపోటు వచ్చినా, మూడు రకాల మాత్రలకు కూడా అది లొంగకపోయినా, ఆల్డోస్టిరోన్ పరీక్ష చేయించారా అని మీ డాక్టరుగారిని అడగండి. ఇది రక్తపరీక్షతో మొదలయ్యే పని. దానికి రోబో అక్కర్లేదు.