అట్టముక్కల మీద సముద్రం

చిత్రకళ అభ్యాసం వలన అబ్బుతుందా, అనుభవం వలన అబ్బుతుందా అనే చర్చ చాలాకాలంగా సాగుతున్నది. ఈ విషయంలో నా అభిప్రాయం చెప్పడానికి ఆల్ఫ్రెడ్ వాలిస్ అనే ఆంగ్ల చిత్రకారుని జీవితాన్ని ఆధారంగా తీసుకొంటున్నాను. ఆయన ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. తాను ఎరిగిన సముద్రాన్నే ఎక్కువగా చిత్రించాడు. అయితే ఆయన కథలో ఉన్నది కళకు సంబంధించిన పాఠం ఒక్కటే కాదు. ఒక మనిషిని మెచ్చుకోవడానికి, ఆదుకోవడానికి మధ్య ఎంత దూరమున్నదో కూడా అది తెలుపుతుంది. నా దృష్టిలో ఈ రెండవ పాఠమే ముఖ్యమైనది.

వాలిస్ 1855లో ఇంగ్లండులోని డెవన్‌పోర్ట్ రేవుపట్టణంలో, ఒక పేద కుటుంబంలో జన్మించాడు. యౌవనంలో తెరచాప ఓడలలో పనిచేసి, అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి న్యూఫౌండ్‌లాండ్ వరకు వెళ్ళివచ్చాడు. 1876లో తనకంటె ఇరవై ఏండ్లు పెద్దదైన సూసన్ అనే వితంతువును వివాహమాడి, ఆమె బిడ్డల పోషణభారాన్ని తలకెత్తుకొన్నాడు. దూరప్రయాణాలు మాని తీరంలో చేపల వేటకు వెళ్ళాడు. 1890లో కార్న్‌వాల్ ప్రాంతంలోని సెయింట్ ఐవ్స్ అనే బెస్తవారి ఊరు చేరి, పాత తాళ్ళు, తెరచాపలు, ఇనుప సామాను కొని అమ్మే దుకాణం పెట్టుకొన్నాడు. 1922లో భార్య మరణించింది. ఆ ఒంటరితనంలో, ఒక తోడు కావాలని, డెబ్బై ఏండ్ల వయస్సులో ఆయన కుంచె పట్టాడు.

కాన్వాసు కొనే స్తోమత లేదు. కొనాలనే తలంపు కూడా ఉన్నట్లు కనబడదు. సరుకుల పెట్టెల నుండి చింపిన అట్టముక్కలే ఆయనకు చిత్రఫలకాలు. పడవలకు పూసే రంగులే ఆయన రంగులు. అవి కూడా నాలుగైదుకు మించవు. అట్టను చతురస్రంగా కత్తిరించేవాడు కాదు. ముక్క ఏ వంపులో ఉంటే చిత్రం ఆ వంపుకు ఒదిగిపోయేది. కొన్నిచోట్ల రంగు పూయకుండా వదిలిన అట్టయే ఇసుకగానో, కొండగానో మారిపోయేది. దైవభక్తి గల ఆ వృద్ధుడు ఆదివారం రంగులు ముట్టక, బొమ్మలను వార్తాపత్రికలతో కప్పి బైబిలు చదువుకొనేవాడు.

ఆయన చిత్రాలను మొదటిసారి చూచినవారు ‘ఇవి చిన్నపిల్లల బొమ్మలు కదా’ అనుకోవడం సహజం. ఓడ కొండంత ఉంటుంది, ఇల్లు అగ్గిపెట్టెంత ఉంటుంది. సముద్రాన్ని పైనుండి చూపుతాడు, అదే చిత్రంలో పడవను ప్రక్కనుండి చూపుతాడు. దూరాన ఉన్నవి చిన్నవిగా కనిపించాలన్న సూత్రం ఆయన ఎరుగడు. కాని కొంచెం ఆగి ఆలోచించాలి. తుఫానులో చిక్కిన నావికునికి ప్రపంచంలో పెద్దవి ఏవి? తన ఓడ, తన ఓడను పగులగొట్టగల బండ, దారి చూపే దీపస్తంభం. ఒడ్డున ఎవరి మేడ ఎంత ఎత్తున్నదో అతనికి అనవసరం. వాలిస్ కొలబద్ద కన్ను కాదు, ప్రాణం. తెరచాప ఎప్పుడు దింపుతారో, గాలి ఎటు మళ్ళితే ఓడ ఎటు ఒరుగుతుందో చేతులతో తెలుసుకొన్నవాడు ఆయన. దీనిని అజ్ఞానమని నేను అనలేను. మరొక పాఠశాలలో నేర్చిన విద్య అని అంటాను.

ఆయన కళ్ళముందే ఆవిరి ఓడలు వచ్చి తెరచాపలను తరిమివేశాయి. తన ఊరికి అన్నం పెట్టిన చేపల వేట క్షీణించింది. ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివాటినే తాను చిత్రిస్తున్నానన్న భావాన్ని ఆయన ఒక ఉత్తరంలో తెలిపాడు. చరిత్రకారులు ఆ ఊరి గతాన్ని లెక్కలలో వ్రాయగలరు. ఆ గతంలో బ్రతికినవాని జ్ఞాపకం మాత్రం ఈ అట్టముక్కల మీదనే మిగిలింది.

1928లో బెన్ నికల్సన్, క్రిస్టఫర్ వుడ్ అనే ఇద్దరు యువ చిత్రకారులు ఆ వీధిలో నడుస్తూ, తెరచి ఉన్న తలుపులోనుండి గోడల నిండా మేకులతో కొట్టిన ఈ బొమ్మలను చూచారు. శాస్త్రీయ శిక్షణ పొందిన ఆ యువకులు శిక్షణ లేని ఈ వృద్ధుని వద్ద నేర్చుకొన్నారు. లండనులోని టేట్ చిత్రశాలలో పనిచేస్తున్న జిమ్ ఈడ్ కూడా అభిమాని అయ్యాడు. వాలిస్ చిత్రాలను పొట్లాలు కట్టి తపాలాలో పంపేవాడు. ఒక్కొక్కదానికి కొద్ది షిల్లింగులు ముట్టేవి.

ఈ మెప్పు ఆయన బ్రతుకును మార్చలేదు. ముసలితనంలో ఆరోగ్యం చెడి, మనస్సు కలత చెంది, 1941లో మాడ్రన్ గ్రామంలోని దిక్కులేని పేదలను ఉంచే ఆశ్రమానికి చేరాడు. మిత్రులు తెచ్చియిచ్చిన పుస్తకాలలో అక్కడ కూడా బొమ్మలు గీస్తూనే ఉన్నాడు. 1942 ఆగస్టులో అక్కడే కన్నుమూశాడు. అనాథ శవంగా పూడ్చబడకుండా మిత్రులు అడ్డుపడి సెయింట్ ఐవ్స్‌లో సమాధి ఏర్పాటు చేశారు. ప్రసిద్ధ మృత్పాత్రల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ దానిని పలకలతో అలంకరించాడు: ఒక పెద్ద దీపస్తంభం, దాని గుమ్మంలో ఒక చిన్న మనిషి. ఆ సమాధికి సమీపంలోనే 1993లో టేట్ సంస్థ ఒక చిత్రశాలను తెరిచింది. ఈడ్ సేకరించిన వందకు పైగా చిత్రాలు కేంబ్రిడ్జిలోని కెటిల్స్ యార్డులో ఉన్నాయి.

నికల్సన్‌ను, ఈడ్‌ను నిందించడం నా ఉద్దేశం కాదు. వారు చూడకపోతే ఈ చిత్రాలు పొయ్యిలోకి పోయేవేమో. కాని సమాధిమీది పలకలు ఎంత అందమైనవైనా, బ్రతికి ఉన్నప్పుడు వెచ్చని గదికి, వేళకు అందే అన్నానికి అవి సాటిరావు. కళను ప్రేమించి కళాకారుని మరచిపోవడం సంస్కారవంతులు తెలియకుండానే చేసే అపచారం.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలో ‘హునర్’ అనే మంచి మాట ఉన్నది. చేతిపనికీ కళకూ అది ఒక్కటే పేరు. మీలో పలువురి తండ్రులు, తాతలు చేతిపని చేసినవారే. పట్టా చేతికి రాగానే వారి పనిని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారిని చూస్తున్నాము. పట్టా లేనివాని చేతిలో కూడా చదువు ఉంటుందని వాలిస్ నిరూపించాడు. మీ ఇంటి పెద్దలను అడగండి, వ్రాసుకోండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన వార్షిక ప్రదర్శనలో విద్యార్థుల చిత్రాల ప్రక్కన వారి పెద్దల చేతిపనికి కూడా ఒక బల్ల కేటాయించండి. పేరు, వృత్తి వ్రాసి గౌరవంగా ఉంచండి. ఏదైనా వస్తువును కళాశాల ఉంచుకొంటే, తగిన వెల ఆ చేతిలోనే పెట్టండి. ఆలస్యమైతే పలకలు అతికించడమే మనకు మిగులుతుంది.