జయంతి టెక్కు మన ఆడపిల్లలకు కావాలి

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ పేరెత్తితే చాలామందికి అందగాడైన హీరో, కారు, మేడ గుర్తొస్తాయి. మధ్యతరగతి ఆడపిల్లల పగటికల అని ఆ నవలను తీసిపారేసిన విమర్శకులూ ఉన్నారు. రాజాంలో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నేనది ఒప్పుకోను. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయిన ఆ కథను ఇన్నేళ్లు నిలబెట్టింది హీరో రాజశేఖరం కాదు, అతని సెక్రటరీ జయంతి.

జయంతికి ఉద్యోగం అవసరం. అయినా జీతమిచ్చేవాడి ముందు మాట పడదు. రాజశేఖరానికి ఆడవాళ్లతో స్నేహాలెక్కువని నలుగురూ అనుకునే మాటలు ఆమె చెవిన పడతాయి. ఇక అతను ఆదరంగా ఏం చేసినా వెనక ఏదో ఉద్దేశం ఉందనుకుంటుంది. చదివేవాళ్లకు అతని మనసు తెలిసిపోతూనే ఉంటుంది, జయంతికే తెలియదు. ఆ పిల్లకు అంత టెక్కు లేకపోతే పెళ్లి ఎప్పుడో అయ్యేది కదా అంటారు. కాదు. వాళ్లిద్దరి మధ్య అడ్డుపడింది ఆమె అభిమానం కాదు, నలుగురి నోటా విని ఏర్పరచుకున్న అభిప్రాయం.

ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించేది జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో. 1813లో వెలువడిన ఆ నవలకు ఆమె మొదట అనుకున్న పేరు ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’. విందులో నృత్యాలు జరుగుతుండగా హీరో డార్సీ తనను చిన్నచూపు చూస్తూ అన్న మాట నాయిక ఎలిజబెత్ చెవిన పడుతుంది. ఆపైన వికమ్ అనే యువకుడు డార్సీ గురించి నవ్వుమొహంతో చెప్పిన కట్టుకథ నమ్ముతుంది. తండ్రి పోతే, మగపిల్లలు లేని ఆ ఇల్లు దూరపు బంధువుకు పోతుంది. అలాంటి ఇంటి పిల్ల, ఏడాదికి పదివేల పౌన్ల రాబడి ఉన్న డార్సీని మొహం మీదే కాదంటుంది. ఎందుకంటే అతను పెళ్లి అడుగుతూనే ఆమె కుటుంబం తనకు తగదని గుర్తుచేస్తాడు. మర్నాడు అతనిచ్చిన ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివి, వికమ్ విషయంలో తాను పొరబడ్డానని గ్రహిస్తుంది. అభిప్రాయం మారింది, అభిమానం మాత్రం ఇసుమంత తగ్గలేదు. డార్సీని చేసుకోనని మాటివ్వమని అతని తల్లి సోదరి ఇంటికొచ్చి గద్దించినా ఇవ్వదు. డార్సీ కూడా తన అహంకారాన్ని దించుకున్నాకే రెండోసారి అడుగుతాడు. ఇక్కడే ‘సెక్రటరీ’ కొంచెం తగ్గిందని నా అభిప్రాయం. రాజశేఖరం తనను తాను దిద్దుకోవలసిన అవసరం అందులో పెద్దగా రాదు.

ఆ అభిమానాన్నే పౌరుషం అంటే, దాని గురించి మా ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాజాం వాడు. 1757 బొబ్బిలి యుద్ధం కథ ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అదే ఊళ్లో ఒక పిల్ల ‘ఈ సంబంధం నాకొద్దు’ అంటే చాలు, ‘ఏటమ్మా, ఆ గుంటకంత టెక్కేటి? మంచి సంబంధం తప్పిపోతాది’ అని వీధి వీధంతా మాట్లాడుతుంది. ఇక్కడే ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పిల్లలకూ ఈ మాటలు తప్పడం లేదు. పెళ్లిచూపులు గంటలో ముగుస్తాయి. టిఫిన్లు, కాఫీలు, జీతం ఎంత, పొలం ఎంత. ఇద్దరికీ విడిగా దొరికేది పెద్దవాళ్లు తలుపు అవతల కూర్చునుండగా పది నిమిషాలు. సాయంత్రానికి జవాబు చెప్పమంటారు. అంటే తొలిచూపునే తుదితీర్పు చేసి, పిల్ల తన అభిమానాన్ని వదులుకోవాలంటున్నాం. వదులుకోవలసింది ఆ తొందరను.

ఇంట్లో పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. ఆ ఇద్దరినీ మళ్లీ కలవనివ్వండి, రెండు మూడు నెలలు మాట్లాడుకోనివ్వండి. అప్పటికీ మీ అమ్మాయి వద్దంటే, ఆ మాట అవతలివాళ్లకు మీరే చెప్పండి, ఆమెను నిలదీయకండి.